ప్రపంచయాత్రను డాక్యుమెంటరీగా తీయడం ఎలా?

"ఏ కెమెరా కొనమంటారు?" ప్రపంచం చుట్టి రావడానికి టికెట్లు తీసుకున్నవాళ్లు ముందుగా అడిగేది ఇదే. తిరిగొచ్చాక వాళ్లే అడిగే ప్రశ్న వేరు: "రెండు నెలల ఫుటేజీ ఉంది, అర్ధగంట సినిమా కూడా రావడం లేదు. ఎడిటింగ్‌లో ఏమైనా చేయొచ్చా?" చాలాసార్లు ఏమీ చేయలేం. అలాంటి ఫుటేజీలో బొమ్మ బాగానే ఉంటుంది. కథకు దారం ఉండదు, మనుషుల మాట వినపడదు, ఒక షాట్‌ను ఇంకోదానితో అతికే ముక్కలు ఉండవు. ఈ మూడూ అక్కడే, ఆ రోజే దొరకాలి. ఇంటికొచ్చాక ఏ సాఫ్ట్‌వేరూ వాటిని పుట్టించదు.

కింది పద్ధతి 60 రోజుల ప్రయాణం, ఒకరో ఇద్దరో మనుషులు, చివరికి 30 నిమిషాల సినిమా అన్న లెక్కతో రాశాం. మీది పదిహేను రోజుల యాత్రయినా పని అదే, మెమరీ కార్డులు తక్కువ పడతాయి, అంతే.

కావలసినవి

• మంచి ఫోన్ లేదా చిన్న మిర్రర్‌లెస్ కెమెరా. రెండూ ఉంటే ఒకటి ముఖం మీద, ఒకటి చేతుల మీద పెట్టొచ్చు.
• కాలర్‌కు తగిలించే వైర్‌లెస్ మైకులు రెండు, వాటికి గాలి ఆపే బొచ్చు తొడుగులు. మైకులోనే ఒక కాపీ రికార్డయ్యే రకం తీసుకోండి. సిగ్నల్ తెగినా మాట దక్కుతుంది.
• చేతిసంచిలో పట్టే ట్రైపాడ్.
• ఎన్‌డీ ఫిల్టర్ (లెన్సు ముందు పెట్టే, వెలుతురు తగ్గించే నల్ల అద్దం). ఎండలో ఇది లేకపోతే కదలికలు తెగిపోయినట్టు కనిపిస్తాయి.
• 128 జీబీ కార్డులు నాలుగు, వి30 గుర్తు (రాసే వేగానికి గుర్తు) ఉన్నవి. ఒకే పెద్ద కార్డు కొనకండి. అది పోతే సినిమా మొత్తం పోయినట్టే.
• ఎస్‌ఎస్‌డీలు రెండు, ఒకే సైజువి.
• 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు, అన్ని దేశాల ప్లగ్ అడాప్టర్ ఒకటి, ఇంటి నుంచి మూడు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు ఒకటి. హోటల్ గదిలో ప్లగ్ ఒక్కటే ఉంటుంది, చార్జింగ్ పెట్టాల్సినవి ఐదు ఉంటాయి.
• జిప్ సంచులు, సిలికా జెల్ పొట్లాలు, లెన్స్ తుడిచే గుడ్డ, జేబులో పట్టే నోటుపుస్తకం.

గింబల్ (కెమెరా కుదపకుండా పట్టే పిడి) తప్పనిసరి కాదు. ట్రైపాడ్ మీద కదలకుండా తీసిన పది సెకన్ల షాట్ ఎడిటింగ్‌లో పదిసార్లు ఆదుకుంటుంది. నడుస్తూ తీసిన గింబల్ షాట్లు మూడు దాటితే చూసేవాళ్లకు విసుగొస్తుంది. డ్రోన్ సంగతి రెండో మెట్టులో ఉంది. అది చదివాకే కొనండి.

నిల్వ లెక్క ముందే వేసుకోండి. ఐఫోన్‌లో ఫైలు సైజు తగ్గించే హెచ్‌ఈవీసీ పద్ధతిలో 4కె, సెకనుకు 30 ఫ్రేములు (బొమ్మలు) పెడితే నిమిషానికి సుమారు 170 ఎంబీ. రోజుకు 40 నిమిషాలు తీస్తే 7 జీబీ లోపు, 60 రోజులకు 410 జీబీ దాకా. 1 టీబీ డిస్కు చాలు. కెమెరాలో 100 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) రేటు పెడితే నిమిషానికి 750 ఎంబీ, అంటే రోజుకు 30 జీబీ, 60 రోజులకు 1.8 టీబీ. 2 టీబీ డిస్కులు కావాలి.

కొన్న కార్డు నకిలీదో కాదో బయలుదేరే ముందే తేల్చుకోండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లో ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు కార్డును పూర్తిగా నింపి, తిరిగి చదివి చూస్తాయి. నకిలీ కార్డు నిండినట్టే కనిపిస్తుంది, పాత ఫైళ్ల మీద కొత్తవి రాసేస్తుంది. పరీక్షకు గంటో రెండు గంటలో పడుతుంది. ఆ సమయం కేటాయించండి.

1. దారం ఒకటి పట్టుకోండి

"పన్నెండు దేశాలు" అన్నది ప్రయాణ పట్టిక. దాన్నుంచి సినిమా రాదు. ప్రతి దేశంలోనూ మీరు వెతికేది ఒకటే ఉండాలి. ఉదాహరణకు బియ్యం తీసుకుందాం. ఫిలిప్పీన్స్‌లో బనావే కొండల మీద మెట్ల పొలాలు, స్పెయిన్‌లో వలెన్సియా పక్కన ఆల్బుఫెరా మడుగు చుట్టూ వరి, ఇటలీలో వెర్చెల్లి మైదానం, మన కోనసీమ. అన్నిచోట్లా అదే గింజ. నీళ్లు వేరు, పొయ్యి వేరు, తినే తీరు వేరు. చూసేవాడికి రెండో దేశం వచ్చేసరికే పోల్చుకోవడం అలవాటవుతుంది.

దారం ఏదైనా కావచ్చు. ఊరి నుంచి ఊరికి దాటించే పడవలు, తెల్లవారుజాము టిఫిన్లు, వలస వెళ్లిన తెలుగు కుటుంబాలు. మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం. ఆ ఒక్క రోజు చుట్టూనే మొత్తం సినిమా అల్లవచ్చు.

సరిచూసుకోవడం: మీ సినిమా గురించి ఒక్క వాక్యం రాయండి. అందులో దేశాల పేర్లు కొట్టేసినా అర్థం మిగిలితే దారం దొరికినట్టే. ఏమీ మిగలకపోతే టికెట్లు మార్చుకునే వీలున్నప్పుడే మళ్లీ ఆలోచించండి.

2. కాలం, అనుమతులు, కాగితాలు

దారం తేలాక రుతువు చూడండి. టికెట్లు చవగ్గా ఉన్న నెలలో వెళ్తే ఆల్బుఫెరాలో ఎండిన మళ్లు కనిపించవచ్చు. అక్కడ మే నెలలో విత్తి సెప్టెంబరులో కోస్తారు. వెర్చెల్లిలో ఏప్రిల్, మే నెలల్లో మళ్లు నీళ్లతో అద్దాల్లా ఉంటాయి. కోనసీమలో ఖరీఫ్ కోతలు నవంబరు, డిసెంబరుల్లో. అన్నీ ఒకే ప్రయాణంలో కుదరవు. ఒకచోట నాట్లు, ఇంకోచోట కోత, మరోచోట వంట పట్టుకునేలా దారి గీసుకోండి. అన్నిచోట్లా కోతే చూపించడం కంటే అదే మేలు.

డ్రోన్: మొరాకో, ఈజిప్టు దేశాల్లో ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్తే కస్టమ్స్‌లోనే ఆపేస్తారు. అమెరికా జాతీయ పార్కుల్లో 2014 నుంచి ఎగరేయడం నిషేధం. ఇంకో ముఖ్యమైన మాట, విదేశంలో డ్రోన్ కొని ఇంటికి తేవద్దు. భారతదేశం 2022 ఫిబ్రవరిలో డ్రోన్ల దిగుమతిని నిషేధించింది. పది దేశాల ప్రయాణంలో రెండు దేశాల్లో మాత్రమే ఎగిరే వస్తువును మిగతా ఎనిమిదింటిలో మోయడం మా దృష్టిలో దండగ. ఎత్తైన గుడి మెట్లో, వంతెనో, హోటల్ డాబానో వెతకండి.

శాటిలైట్ ఫోన్, దాన్ని పోలిన మెసెంజర్ పరికరాలు: కొండల్లోకి వెళ్లేవాళ్లు కొంటుంటారు. లైసెన్సు లేకుండా ఇవి భారతదేశంలో చట్టవిరుద్ధం. తిరుగు ప్రయాణంలో సామానులో ఉంటే విమానాశ్రయంలో కేసు అవుతుంది.

బ్యాటరీలు: విడి బ్యాటరీలు, పవర్‌బ్యాంకులు చెక్‌-ఇన్ సామానులో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. 100 వాట్-అవర్ల లోపు అయితే ప్రత్యేక అనుమతి అక్కర్లేదు. లెక్క ఇదీ: ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి 1000తో భాగించండి. 20,000 ఎంఏహెచ్ అంటే 74. 30,000 అంటే 111, దానికి విమాన సంస్థ ఒప్పుకోవాలి. అంకెలు చెరిగిపోయిన పవర్‌బ్యాంకును ఆపేస్తారు కాబట్టి కొత్తది తీసుకెళ్లండి. చైనాలో దేశీయ విమానాలెక్కేవాళ్లకు 2025 జూన్ 28 నుంచి అక్కడి 3సీ (భద్రతా ధ్రువీకరణ) గుర్తు లేని పవర్‌బ్యాంకులు చెల్లవు.

కస్టమ్స్: ఖరీదైన కెమెరా ఉంటే, వెళ్లేటప్పుడే మన విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. తిరిగొచ్చినప్పుడు అది బయట కొన్నది కాదని చూపించడానికి పనికొస్తుంది. కౌంటరు దగ్గర సమయం పడుతుంది, గంట ముందే చేరండి.

వీసా: సొంతానికి తీసుకునే వీడియోకు టూరిస్టు వీసా సరిపోతుంది. ఛానల్ కోసమో, డబ్బు తీసుకునో తీస్తుంటే చాలా దేశాల్లో వేరే వీసా కావాలి. అమెరికా అయితే మీడియావాళ్ల కోసం ఐ వీసా ఉంది. సరిహద్దు చెక్‌పోస్టులు, సైనిక స్థావరాలు, పోలీసులను తీయవద్దు. విమానాశ్రయ భద్రతా తనిఖీ దగ్గర ఫోన్ జేబులోనే ఉండాలి. వాటికన్‌లో సిస్టీన్ చాపెల్ లోపల కెమెరా నిషేధం. క్యోటోలోని గియోన్‌లో ప్రైవేటు సందుల్లో ఫోటోలు తీయడం మీద నిషేధం ఉంది. పారిస్‌లో ఈఫిల్ టవర్‌ను పగలు తీస్తే ఇబ్బంది లేదు. రాత్రి దీపాలంకరణకు కాపీరైటు ఉంది, వ్యాపారానికి వాడాలంటే అనుమతి కావాలి.

3. కెమెరా సెట్టింగులు ఇంట్లోనే బిగించండి

ఫ్రేముల సంఖ్య ఒకటే ఎంచుకోండి: 25 లేదా 30. ఫోన్‌లో, కెమెరాలో అదే. దారిలో మార్చవద్దు.

ఫోన్‌లో మామూలు కెమెరా యాప్ వాడితే ఫ్రేముల వేగం వెలుతురును బట్టి అటూఇటూ మారుతుంటుంది. ఎడిటింగ్‌లో పది నిమిషాల ఇంటర్వ్యూ వేసి చూడండి. మొదట్లో పెదాలు, మాట కలిసి ఉంటాయి, చివరికి మాట వెనకబడుతుంది. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా అనే ఉచిత యాప్‌లో ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు లోపలికి వచ్చే సమయం), రంగుల ఉష్ణోగ్రత అన్నీ స్థిరంగా పెట్టవచ్చు. ఇప్పటికే తీసేసి ఉంటే హ్యాండ్‌బ్రేక్ ప్రోగ్రాములో 'స్థిర ఫ్రేమ్ రేటు' ఎంచుకుని మార్చాకే ఎడిటింగ్‌లోకి తీసుకోండి.

ఐఫోన్‌లో హెచ్‌డీఆర్ వీడియో (వెలుగునీడల తేడా ఎక్కువగా పట్టే పద్ధతి) ఆపేయండి. ఆపకపోతే కెమెరా ఫుటేజీ పక్కన అది తెల్లగా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. రంగులు సరిచేయడానికే వారం పోతుంది.

ట్యూబులైట్ల కింద గీతలు పారడం అందరూ చేసే తప్పు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి షట్టర్ 1/50 లేదా 1/100 సెకను. అమెరికా, మెక్సికో, బ్రెజిల్, పెరూ, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్, తైవాన్, సౌదీ అరేబియాల్లో 60 హెర్ట్జ్, అక్కడ 1/60 లేదా 1/120. జపాన్‌లో ఒకే దేశంలో రెండూ ఉన్నాయి: టోక్యో వైపు 50, ఒసాకా వైపు 60. బుల్లెట్ రైలు దిగగానే షట్టర్ మార్చాలి. ఫ్రేముల సంఖ్యను మాత్రం ముట్టుకోవద్దు.

సరిచూసుకోవడం: కొత్త దేశంలో మొదటి గదిలోకి వెళ్లగానే తెల్ల గోడను పది సెకన్లు తీయండి. ప్లే చేసి చూడండి. గోడ మీద నీడ గీతలు కిందికో పైకో జారుతుంటే షట్టర్ తప్పు. కొన్ని ఎల్‌ఈడీ దీపాలకు ఈ లెక్క పనిచేయదు. షట్టర్‌ను కొద్దికొద్దిగా మారుస్తూ గీతలు ఆగిన చోట నిలపండి.

4. గడియారం మార్చవద్దు

ఫోన్ ప్రతి దేశంలో తనంతట తానే సమయం మార్చుకుంటుంది. కెమెరా మార్చుకోదు. పైగా టోక్యోలో సాయంత్రం విమానమెక్కితే లాస్ ఏంజిలెస్‌లో అదే తేదీ ఉదయం దిగుతారు. తేదీ వరసలో పేర్చితే దిగిన షాట్లు ఎక్కిన షాట్ల కంటే ముందుకొస్తాయి.

కెమెరాను మొదటి రోజు భారత కాలమానంలో పెట్టి అలాగే వదిలేయండి. ప్రతి ఉదయం మొదటి షాట్‌గా ఫోన్ తెర మీది తేదీని, ఊరి పేరు రాసిన నోటుపుస్తకం పేజీని కెమెరాతో తీయండి. ఐదు సెకన్ల పని. రాత్రి ఫోల్డరుకు పేరు పెట్టేటప్పుడు ప్రయాణంలో ఎన్నో రోజో ముందు రాయండి: "రోజు17_వలెన్సియా_ఫోన్". తేదీలు తడబడినా రోజు సంఖ్య తడబడదు.

5. ధ్వని

బొమ్మ కొంచెం మసకగా ఉన్నా చూస్తారు. మాట వినపడకపోతే ఆపేస్తారు.

మైకును ఛాతీ మీద, గడ్డానికి జానెడు కింద తగిలించండి. పట్టుచీర, నైలాన్ జాకెట్ రాసుకుంటే గరగరమంటుంది, అంచు బయటికి వచ్చేలా పెట్టండి. మాట గట్టిగా వచ్చినప్పుడు మీటరు మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆడాలి. సున్నాను తాకితే పగిలిన ధ్వని వస్తుంది, అది బాగుపడదు. బయట కొద్దిపాటి గాలి ఉన్నా బొచ్చు తొడుగు వేయాల్సిందే.

ప్రతి చోటా, పని అయిపోయాక అందరినీ ఆగమని చెప్పి 45 సెకన్లు ఊరికే రికార్డు చేయండి: ఆ వంటింటి నిశ్శబ్దం, ఆ పొలం నిశ్శబ్దం. మాటలు కత్తిరించినచోట కింద పరవడానికి ఇదే దొరుకుతుంది. ఇది మరిచిపోతే ప్రతి కోత దగ్గరా వెనక శబ్దం టక్కున ఆగి మొదలవుతుంది.

హెడ్‌ఫోన్ లేకుండా ఇంటర్వ్యూ తీయకండి. ఫ్రిజ్ మోత చెవికి అలవాటైపోతుంది, మైకుకు కాదు. ఇంటివాళ్లను అడిగి ఫ్రిజ్ ఆపించండి. మీ బండి తాళాలో గది తాళమో ఫ్రిజ్‌లో పెట్టండి. వెళ్లేటప్పుడు ఫ్రిజ్‌ను మళ్లీ ఆన్ చేయడం మరిచిపోరు.

6. ఒక పనిని వరసగా తీయడం

సినిమా వచ్చేదీ రానిదీ ఇక్కడే తేలుతుంది. దృశ్యాలు చాలామంది తీస్తారు. పని మొదలు నుంచి తుది దాకా తీసేవాళ్లు తక్కువ. రోజుకు పది చోట్లు తిరిగి ఒక్కో షాట్ తీయడం కంటే, ఒక్కచోట కూర్చుని ఒక్క పనికి పన్నెండు షాట్లు తీయండి.

వలెన్సియాలో పెరట్లో పయేయా అనే అన్నం వంటకం వండుతున్నారనుకోండి. వెడల్పాటి పల్చటి పెనం, కింద నారింజ కట్టెల మంట. బియ్యం పోసి సర్దాక ఇక గరిటె పెట్టరు. 18 నుంచి 20 నిమిషాల్లో అయిపోతుంది. మీకున్న సమయమూ అంతే. ఏదీ రెండోసారి జరగదు. కాబట్టి ఇలా పంచుకోండి:

అ) బియ్యం పోయకముందే దూరపు షాట్: పెరడు, పొగ, వండే మనిషి, పెనం. ట్రైపాడ్ మీద 15 సెకన్లు. ఏది ఎక్కడుందో చూసేవాడికి ఇప్పుడే తెలియాలి.

ఆ) బియ్యం పోసే చేతులు. కెమెరా పెనం అంచు ఎత్తులో ఉండాలి, పైనుంచి కాదు. గింజలు కెమెరా వైపు జారుతూ రావాలి. పోయబోతున్నారని అనిపించగానే రికార్డు నొక్కండి, పోస్తున్నప్పుడు నొక్కితే సగం పోతుంది. "పోసే ముందు ఒక్కమాట చెప్పండి" అని ముందే అడిగి పెట్టుకోండి.

ఇ) ముఖం. ఒకే కెమెరా ఉంటే పోసేటప్పుడు చేతులు తీసి, తర్వాత పెనం వైపు చూస్తున్న ముఖాన్ని విడిగా తీయండి. ఎడిటింగ్‌లో రెండూ ఒకే క్షణంలా అతుక్కుంటాయి.

ఈ) భుజం మీదుగా: వాళ్లు చూస్తున్నది మనమూ చూసేలా.

ఉ) అదే ట్రైపాడ్ చోటు నుంచి 5, 10, 15 నిమిషాలకు పెనం మీద బుడగలు, ఒక్కోసారి పది సెకన్లు. మొదట పెద్ద బుడగలు, తర్వాత చిన్న కన్నాలు, చివరికి గింజల మధ్య ఆవిరి. ఈ మూడు ముక్కలు కలిపితే ఇరవై నిమిషాలు గడిచినట్టు మాట అవసరం లేకుండా తెలుస్తుంది.

ఊ) చివరి రెండు నిమిషాలు ధ్వని కోసం. నీరు ఇంకిపోయాక అడుగున గింజ వేగి చిటపటమంటుంది. ఆ అడుగంటిన పొరను వాళ్లు సొకర్రాట్ అంటారు. వండేవాళ్లు ఆ చప్పుడు వినే మంట ఆపుతారు. మైకును పెనానికి రెండడుగుల దూరంలో, మంట సెగ తగలని వైపు పట్టుకోండి, మాట్లాడవద్దని అందరినీ అడగండి.

ఋ) ఎదురుచూసేవాళ్లు: పిల్లాడి చూపు, బల్ల మీద స్పూన్లు.

ౠ) ముగింపు షాట్: గోకేసిన ఖాళీ పెనం.

కోనసీమ వంటింట్లో అయితే ఇదే వరస ఎసరు మరగడంతో మొదలై, కడిగిన బియ్యం పోయడం, మెతుకు నొక్కి చూడటం, గంజి వార్చడం దాకా నడుస్తుంది. గంజి వార్చేటప్పుడు ఆవిరి లెన్సుకు పడుతుంది, పక్కనుంచి తీయండి. ఎడిటింగ్‌లో పయేయా అడుగంటిన పొర పక్కన మన గంజి ధార వేశారంటే వ్యాఖ్యానంతో పని లేకుండానే పోలిక తెలుస్తుంది.

ప్రతి షాట్‌నూ కదలకుండా పది సెకన్లు పట్టండి. మనసులో పది లెక్కపెట్టండి. చాలామంది ఆరుకే ఆపేస్తారు. మూడు సెకన్లకే పక్కకు తిప్పడం మరీ చెడ్డ అలవాటు. చివరికి వాడుకోవడానికి ఒక్క సెకను కూడా మిగలదు.

ఎవరైనా పని చేస్తుంటే మళ్లీ మళ్లీ చేయమని అడగకండి. రోట్లో దంచడం, నాటు వేయడం లాంటివి వాటంతట అవే పదిసార్లు జరుగుతాయి. ప్రతి సారీ వేరే కోణం తీసుకుంటే చాలు.

7. మనుషులను మాట్లాడించడం

ముందు అనుమతి. కెమెరా ముందే, వాళ్ల భాషలోనే "నా పేరు ఇది, నన్ను తీసి సినిమాలో వాడుకోవడానికి ఒప్పుకుంటున్నాను" అని చెప్పించండి. 20 సెకన్లు చాలు. పిల్లలైతే తల్లిదండ్రులతో చెప్పించాలి. "వద్దు" అంటే ఆ రోజు తీసినది వాళ్ల ఎదుటే చెరిపేయండి.

"మీకు వ్యవసాయమంటే ఇష్టమేనా?" అంటే "అవును" అని ఆగిపోతారు. "పొద్దున లేచింది మొదలు నిన్న ఏమేం చేశారో చెప్పండి" అనండి. మీ ప్రశ్న సినిమాలో ఉండదు కాబట్టి, జవాబులో ప్రశ్న కూడా కలిపి చెప్పమని ముందే అడగండి. వాళ్లు ఆపాక వెంటనే ఇంకో ప్రశ్న వేయకండి, ఐదు సెకన్లు ఊరుకోండి. అసలు మాట ఆ ఐదు సెకన్ల తర్వాతే వస్తుంది.

మీకు రాని భాష అయితే దుబాసీని కెమెరా పక్కనే, మీ వెనక కూర్చోబెట్టండి. లేకపోతే మాట్లాడేవాళ్లు దుబాసీ వైపు తిరిగి చెబుతారు. ఇద్దరి గొంతులు ఒకదాని మీద ఒకటి పడకూడదు. అదే సాయంత్రం, దుబాసీ ఉన్నప్పుడే, రికార్డు వింటూ పూర్తి అర్థం రాయించుకోండి. ఇంటికొచ్చాక యంత్ర అనువాదంతో సరిపెట్టుకుందామనుకుంటే యాస మాటలు, పంటల పేర్లు తారుమారవుతాయి.

8. ప్రతి రాత్రీ 45 నిమిషాలు

ఎంత అలసిపోయినా ఇది వదలకండి.

కార్డును మొదటి డిస్కులోకి కాపీ చేయండి. విండోస్‌లో టెరాకాపీ లాంటి ప్రోగ్రాములో 'సరిచూడు' ఎంపిక పెడితే, కాపీ అయిన ప్రతి ఫైలునూ మూలంతో పోల్చి చూస్తుంది. రెండో డిస్కుకూ కార్డు నుంచే కాపీ చేయండి, మొదటి డిస్కు నుంచి కాదు. మొదటి కాపీలో తప్పు దొర్లితే అది రెండోదానికీ పాకుతుంది. రెండు డిస్కుల్లోనూ ఫైళ్లు తెరిచి, ఒక్కో ఫైలు మధ్యలో ఒకచోట నొక్కి చూశాకే కార్డు ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ కెమెరాలోనే, కంప్యూటరులో కాదు.

రెండు డిస్కులూ ఒకే సంచిలో ఉంటే ఒక్కటే ఉన్నట్టు. ఒకటి మీ దగ్గర, ఒకటి తోటివారి దగ్గర. ఒంటరిగా వెళ్తే ఒకటి ఒంటి మీద నడుం సంచిలో. క్లౌడ్ మీద నమ్మకం పెట్టుకునే ముందు లెక్క చూడండి: హోటల్ వైఫై అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ అనుకుంటే 40 జీబీకి దాదాపు తొమ్మిది గంటలు. అందుకే ఇంటర్వ్యూలు, ఆ రోజు ముఖ్యమైన ఐదారు షాట్లు మాత్రమే పైకి పంపండి.

తర్వాత పది నిమిషాలు నోటుపుస్తకం. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారు ఏ మజిలీలో ఏం దొరుకుతుందో, దారి ఎలాంటిదో, ఊరి జనం ఎలా ఉన్నారో ప్రయాణంలోనే రాసుకుంటూ వెళ్లారు. రెండు వందల ఏళ్లు కావస్తున్నా ఆ దారి మన కళ్లకు కడుతున్నది ఆ వివరాల వల్లే. మీరూ అలాగే రాయండి: కిలో బియ్యం ఎంత, వాసన ఏమిటి, ఎవరేమన్నారు, ఏ షాట్ తీయలేకపోయారు. కెమెరాకు వాసన పట్టదు, ధర పట్టదు. వ్యాఖ్యానం రాసేటప్పుడు ఈ పుస్తకమే ఆధారం.

ఆఖరుగా రేపటికి మూడు పంక్తులు: ఈ దేశంలో ఇంకా లేనివి ఏవి? ఊళ్లోకి దారి చూపే షాట్ ఉందా, ముగింపు షాట్ ఉందా, నిశ్శబ్దం రికార్డయిందా?

9. చలి, తేమ

చలిలో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, విడి బ్యాటరీలు లోపలి జేబులో ఒంటి వెచ్చదనంలో ఉంచండి. చలి నుంచి వెచ్చటి గదిలోకి వచ్చే ముందు, బయటే కెమెరాను జిప్ సంచిలో పెట్టి మూయండి, గంటో రెండు గంటలో ఆగి తీయండి. లేకపోతే లెన్సు లోపల చెమ్మ పడుతుంది. ఏసీ గది నుంచి సింగపూర్ వీధిలోకి వెళ్లినప్పుడూ లెన్సు మసకేస్తుంది, గుడ్డతో తుడిచేకొద్దీ మళ్లీ పడుతుంది. పదిహేను నిమిషాలు ఆగండి.

10. ఎడిటింగ్

డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ ప్రోగ్రాము ఉచిత వెర్షన్ ఈ పనికి చాలు. ల్యాప్‌టాప్ 4కె మోయలేకపోతే ప్రాక్సీలు (తేలికపాటి నకలు ఫైళ్లు) చేసుకోండి, చివర్లో అసలు ఫైళ్లు వాటంతట అవే వస్తాయి.

ముందు మాటలతో మొదలుపెట్టండి. అన్ని ఇంటర్వ్యూలూ కాగితం మీద రాసుకుని, పనికొచ్చే వాక్యాలకు గీత పెట్టి, కత్తెరతో కత్తిరించి బల్ల మీద పేర్చండి. కాగితం మీద కుదరని కథ టైమ్‌లైన్ మీదా కుదరదు. తర్వాత ఆ మాటలను టైమ్‌లైన్‌లో పరిచి, పైన పని వరసలు వేయండి. మొదటి కూర్పు 50 నిమిషాలు వస్తుంది, కంగారు పడొద్దు. 30కి దించడంలోనే సినిమా తేలుతుంది.

తేదీ వరసలో పేర్చకండి. విత్తడం ఒక దేశం, నీళ్లు ఒక దేశం, కోత ఒక దేశం, పొయ్యి ఒక దేశం, విస్తరి మన ఊరు. దారం ప్రకారం నడపండి. విమానం కిటికీ, సూట్‌కేసు చక్రాలు, ఇమిగ్రేషన్ వరస తీసేయండి. మొదటి రెండు నిమిషాల్లో ఒక మనిషి, ఒక పని, ఒక ప్రశ్న కనిపించాలి.

11. వ్యాఖ్యానం, అక్షరాలు, మ్యాపు, సంగీతం

తెలుగు మాటలు పొడవు. నిమిషానికి 90, 100 మాటలు దాటితే చదివేవాళ్లు పరుగెత్తుతున్నట్టుంటుంది. కనిపించేదాన్నే మళ్లీ చెప్పొద్దు. "ఇక్కడ వరి పొలాలు ఉన్నాయి" అనొద్దు, ఆ బియ్యం ధర చెప్పండి. దుప్పట్లు వేలాడదీసిన చిన్న గదిలో, నోటికి జానెడు దూరంలో మైకు పెట్టి చదవండి.

తెర మీద తెలుగు ఒత్తులు విడిపోతే, అడోబీ ప్రీమియర్ అనే ఎడిటింగ్ ప్రోగ్రాము వాడేవాళ్లు అందులో గ్రాఫిక్స్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి టెక్స్ట్ ఇంజిన్‌ను దక్షిణాసియా రకానికి మార్చి, ప్రోగ్రామును మళ్లీ తెరవండి. ఇంకో సాఫ్ట్‌వేరులో అది కుదరకపోతే అక్షరాలను వేరే ప్రోగ్రాములో పీఎన్‌జీ బొమ్మగా చేసి తెచ్చుకోండి. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర ఫాంట్లు ఉచితం. పాత అను ఫాంట్లతో టైపు చేసినది సబ్‌టైటిల్ ఫైలులో చెత్తగా మారుతుంది, యూనికోడ్‌లోనే టైపు చేసి, ఆ సబ్‌టైటిల్ (ఎస్‌ఆర్‌టీ) ఫైలును యూటీఎఫ్-8గా దాచండి. ఒకసారికి రెండు వరసలు మించకూడదు.

మ్యాపులో చాలామంది చిక్కుకుంటారు. విదేశీ ప్రోగ్రాముల్లో వచ్చే ప్రపంచపటంలో జమ్మూ కాశ్మీర్ సరిహద్దు మన సర్వే ఆఫ్ ఇండియా పటంతో సరిపోకపోవచ్చు. సరిపోని పటాన్ని ప్రచురించడం మన దేశంలో నేరం. నేచురల్ ఎర్త్ పటాలు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, అందులో భారత దృక్కోణంతో గీసినది విడిగా దొరుకుతుంది, అది తీసుకోండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాడితే తెర మీద దాని పేరు వేయాలి.

సంగీతం: క్రియేటివ్ కామన్స్ (చేసినవాళ్లే షరతులతో ఉచితంగా వాడుకోనిచ్చే లైసెన్సు) అని ఉంటే చాలనుకోకండి. 'నో డెరివేటివ్స్' అని ఉన్న పాటను వీడియోకు జోడించడమే నిషేధం. 'నాన్ కమర్షియల్' అయితే ప్రకటనలు వచ్చే వీడియోలో వాడకండి. వీధిలో తీసిన షాట్ వెనక దుకాణంలో మోగే సినిమా పాటకూ కాపీరైటు నోటీసు వస్తుంది, ఆ ముక్క ధ్వని తీసేసి మీరు రికార్డు చేసుకున్న నిశ్శబ్దం పరవండి.

12. బయటికి పంపే ముందు

ధ్వని మట్టం యూట్యూబ్‌కైతే మైనస్ 14 లఫ్స్ (చెవికి వినిపించే ధ్వని తీవ్రత కొలత) దగ్గర ఉంచండి. 4కె ఎగుమతికి 35 నుంచి 45 ఎంబీపీఎస్ సరిపోతుంది.

తర్వాత నాలుగు సార్లు చూడండి. ఒకసారి ధ్వని ఆపేసి: కథ పనుల ద్వారా అర్థమవుతోందా? ఒకసారి కళ్లు మూసుకుని: ఎక్కడైనా శబ్దం టక్కున తెగుతోందా? ఒకసారి ఫోన్ స్పీకరులో, పక్కన ఫ్యాను తిరుగుతుండగా: సంగీతం మాటను మింగుతోందా? చివరిసారి టీవీలో: ట్యూబులైటు గీతలు, ఒత్తులు, పటం అంచులు.

ఆ తర్వాత, మీతో ప్రయాణం చేయనివాళ్లు ఒకరిని కూర్చోబెట్టి చూపించండి. మీరు వెనక కూర్చుని, వాళ్లు ఫోన్ తీసిన ప్రతి చోటా సమయం రాసుకోండి. అయ్యాక "బాగుందా?" అని అడగకండి, "ఏ దేశంలో బియ్యం కదపకుండా వండారు?" అని అడగండి. చెప్పలేకపోతే ఆ వరసలోకి తిరిగి వెళ్లండి. దూరపు షాట్ మరీ చిన్నదై ఉంటుంది, లేదా దాని మీద వ్యాఖ్యానం ఎక్కువై ఉంటుంది. సరిచేసినది వాళ్లకే మళ్లీ చూపించకండి, ఇంకొకరిని పిలవండి.